సాగర్ లాంచీ నుంచి అండమాన్ డింగీ దాకా: ఆరుగురు కలిసి దీవులు తిరిగి రావడం ఎలా

ముందు మనుషుల లెక్క తేల్చుకోండి. ఆరుగురు. నల్లగొండ నుంచి అండమాన్ దీవులకు నేను మూడుసార్లు జట్టుగా వెళ్లాను. మొదటిసారి పద్నాలుగు మందిమి, రెండోసారి తొమ్మిది మందిమి, మూడోసారి ఆరుగురం. సముద్రాన్ని తనివితీరా చూసింది మూడోసారే. మొదటి రెండుసార్లూ జెట్టీ మీద నిలబడి ఎవరొచ్చారు, ఎవరు రాలేదు అని చూసుకోవడంతోనే పొద్దు గడిచిపోయింది.

ఆరుగురైతే సామానుతో సహా ఒకే కారులో పడతారు. మూడు గదులు సరిపోతాయి. అక్కడ చిన్న మోటారు పడవను డింగీ అంటారు, అందులో అందరూ ఒకేసారి ఎక్కొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, వాన పట్టి పడవ ఆగిపోయినప్పుడు ఏం చేద్దామన్నది ఆరుగురి మధ్య ఐదు నిమిషాల్లో తేలుతుంది. పద్నాలుగు మందిలో అదే మాట మధ్యాహ్నం దాకా సాగుతుంది, ఒకరిద్దరు అలుగుతారు కూడా.

ఆరుగురిలో కనీసం ఇద్దరికి ఈత రావాలి. ఒకరికి హిందీ ధారాళంగా రావాలి, అక్కడ అందరినీ కలిపే భాష అదే. తెలుగు కూడా చెవిన పడుతుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి తరాల కింద వెళ్లి స్థిరపడ్డ కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. మా యాస విని "హైదరాబాదా?" అని అడిగిన ఆటో అన్న మమ్మల్ని తన ఇంటికే భోజనానికి తీసుకెళ్లాడు. అయినా దాన్ని నమ్ముకుని బయల్దేరకండి, హిందీ వచ్చిన మనిషిని వెంట తీసుకెళ్లండి.

ముందు సాగర్‌లో ఒక పరీక్ష

అండమాన్ టికెట్లు తీసే ముందు ఆ ఆరుగురూ కలిసి నాగార్జునకొండకు లాంచీలో ఒకసారి వెళ్లి రండి. సాగర్ నల్లగొండ నుంచి అరవై కిలోమీటర్ల పైచిలుకు, ఒక్క రోజు పని. పాలమూరు, నాగర్‌కర్నూల్ వైపు వాళ్లయితే కొల్లాపూర్ దగ్గరి సోమశిలకు వెళ్లండి, కృష్ణమ్మ నిండుగా ఉన్న నెలల్లో అక్కడా పడవలు తిరుగుతాయి. లాంచీ నడుస్తోందో లేదో ముందు ఫోన్ చేసి కనుక్కోండి, నీటిమట్టాన్ని బట్టి, గాలిని బట్టి ఆపేస్తుంటారు. కొండ మీది మ్యూజియానికి శుక్రవారం సెలవు.

ఇది విహారం కాదు, పరీక్ష. లాంచీ కదిలాక ఎవరికి కడుపులో తిప్పుతోంది, ఎవరు రెయిలింగ్ వదలకుండా పట్టుకుంటున్నారు, లైఫ్ జాకెట్ వేసుకోమంటే ఎవరు విసుక్కుంటున్నారు, తిరుగు లాంచీకి ఎవరు ఆలస్యంగా వస్తున్నారు, గమనించండి. ఎవరినీ తప్పుపట్టడానికి కాదు. సాగర్ నీటి మీద ముప్పావు గంటకే తల తిరిగిన మనిషికి సముద్రంలో రెండు గంటల ప్రయాణానికి మందు ముందే ఇప్పించాలి. మా అక్క సంగతి మాకు అలాగే తెలిసింది. తెలిసింది కాబట్టే అక్కడ ఇబ్బంది పడలేదు.

ఇంకో లాభం కూడా ఉంది. దీవి అంటే ఏమిటో ఆ కొండ మీద నిలబడితే ఒంటికి తెలుస్తుంది. నాగార్జునకొండ ఒకప్పుడు లోయ నడుమ గుట్ట. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన ఆనకట్ట పూర్తయి వెనక నీళ్లు నిండాక, లోయ మునిగి గుట్ట నెత్తి మాత్రం పైన మిగిలింది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఆ నీళ్ల అడుగున ఉంది. తవ్వకాల్లో బయటపడ్డ కట్టడాల్లో కొన్నిటిని రాయి రాయి విడదీసి పైకి తెచ్చి మళ్లీ నిలబెట్టారు. అండమాన్ కథ కూడా ఇలాంటిదే, కాకపోతే ఆ పని మనిషి చేసింది కాదు. మయన్మార్‌లోని అరకాన్ కొండల వరుస సముద్రం కిందికి దిగి దక్షిణానికి సాగుతుంది. దాని శిఖరాలు నీటిపైకి వచ్చిన చోటల్లా ఒక దీవి. అండమాన్ నికోబార్‌లో దీవులు, చిన్న లంకలు, రాతిగుట్టలు అన్నీ కలిపి లెక్క 836. మనుషులుండేవి అందులో ముప్పై చిల్లర.

పేరు విషయంలో ఒక జాగ్రత్త. విమానం దిగే రాజధాని పోర్ట్ బ్లెయిర్‌ను 2024 సెప్టెంబరు నుంచి శ్రీ విజయపురం అంటున్నారు. సాగర్‌లో విజయపురి పేరు విని వచ్చిన మనకు ఆ పేరు దగ్గరగా తోస్తుంది. దీవుల్లో హేవ్‌లాక్ 2018 డిసెంబరు నుంచి స్వరాజ్ ద్వీప్, నీల్ షహీద్ ద్వీప్, రాస్ నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. టికెట్ల మీద కొత్త పేర్లు, జనం నోట్లో పాత పేర్లు. జట్టులో అందరికీ రెండూ తెలిసి ఉండాలి, లేకపోతే జెట్టీలో వేరే పడవ వరుసలో నిలబడతారు.

ఎప్పుడు వెళ్లాలి

సంక్రాంతి సెలవుల్లో వద్దు. గదుల ధరలు పెరుగుతాయి, పడవ టికెట్లు దొరకవు. మే మధ్య నుంచి నైరుతి వానలు మొదట పడేది అక్కడే, మన దగ్గరికి రావడానికి ముందే ఆ దీవులను తడిపేస్తాయి. అక్టోబరు, నవంబరుల్లో తుపానుల భయం. మా ఆయకట్టు వాళ్లకు నేను చెప్పేది ఒకటే: యాసంగి నాట్లు పూర్తయ్యాక, జనవరి చివరి నుంచి మార్చి మధ్యలోపు. నీళ్లు తేటగా ఉంటాయి, అలలు తక్కువ, ఇంటి దగ్గర పొలం పని కూడా కాస్త తెరిపినిస్తుంది.

వీలైతే అమావాస్యకు దగ్గర పడేలా తేదీలు చూసుకోండి. దీనికి రెండు కారణాలు. చీకటి రాత్రుల్లో హేవ్‌లాక్ ఒడ్డున కొన్నిచోట్ల నీటిని చేత్తో కదిపితే నీలంగా మెరుస్తుంది. కంటికి కనపడనంత చిన్న జీవులు కదలికకు వెలుగునిస్తాయి. అది ప్రతి రాత్రీ ఉంటుందని మాట ఇవ్వలేను, ఉన్న రాత్రి మాత్రం వెన్నెల లేకపోతేనే కనిపిస్తుంది. రెండోది, అమావాస్యకూ పున్నమికీ ఆటుపోట్లు పెద్దవి. నీళ్లు బాగా వెనక్కి పోతాయి కాబట్టి నీల్ దీవిలో రాతి వంతెన కింద నడవచ్చు.

ఆటుపోట్ల సంగతి మనకు కొత్త, కాబట్టి కాస్త ఆగి చెప్తాను. సాగర్ నిండితే 590 అడుగులు. అది తగ్గాలంటే నెలలు పడుతుంది. సముద్రం ఆరు గంటల్లో దిగి, మరో ఆరు గంటల్లో ఎక్కుతుంది. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు, మర్నాటికి దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా. పొద్దున మీరు చెప్పులు విడిచి వెళ్లిన ఇసుక మధ్యాహ్నానికి మనిషి లోతు నీళ్లలో ఉండొచ్చు. దిగిన చోటల్లా గది యజమానిని "రేపు ఆటు ఎన్నింటికి?" అని అడిగి, ఆ గంట చుట్టూ రోజంతా అల్లుకోండి.

పొద్దు కూడా మనలా ఉండదు. దీవులు మనకు బాగా తూర్పున ఉన్నాయి, గడియారం మాత్రం మనదే. జనవరిలో సాయంత్రం ఐదుంబావు ప్రాంతంలోనే సూర్యుడు దిగిపోతాడు. ఆరింటికి చీకటి. అందుకే పొద్దున ఐదింటికి లేవని మనిషికి అక్కడ సగం రోజు పోయినట్టే. ఊళ్లో పొలానికి వెళ్లే అలవాటున్న వాళ్లకు ఇది సులువు.

డబ్బు

ఏడాది ముందే ఆరుగురూ పాట లేని చీటీ వేసుకోండి. నెలకు ఇంతని ఒకరి దగ్గర జమ చేయడం, అంతే. విమానం టికెట్లే ఖర్చులో పెద్ద ముక్క, అవి ఎంత ముందు తీస్తే అంత చవక. చీటీ డబ్బులుంటే ఎవరి జీతం కోసమో ఆగకుండా ఒకేసారి తీయొచ్చు. అక్కడ ఖర్చంతా ఒకే సంచీ నుంచి, ఒకే మనిషి చేతుల మీదుగా జరగాలి. రాత్రి పడుకునే ముందు అందరి ముందూ లెక్క చదవాలి. స్నేహాలు చెడేది పెద్ద మొత్తాల దగ్గర కాదు, కొబ్బరిబొండాలు, ఆటో కిరాయిల దగ్గరే.

నగదు తీసుకెళ్లండి. చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ 2020 ఆగస్టులో మొదలయ్యాక ఫోన్లు మెరుగయ్యాయి గానీ, చిన్న దీవుల్లో ఇప్పటికీ ఫోన్‌తో డబ్బు కట్టబోతే ఒక్కోసారి తిరుగుతూనే ఉంటుంది.

రోజుల అమరిక

ఏడు రాత్రులు, మూడే దీవులు. వారం రోజుల్లో ఆరు దీవులు చూపిస్తామనే ప్యాకేజీలను ఒప్పుకోకండి. ఆరు దీవులంటే ఆరుసార్లు సామాను సర్దడం, ఆరుసార్లు జెట్టీలో పడిగాపులు. దీవిని చూడటమంటే ఒకే ఒడ్డున పొద్దునా సాయంత్రమూ, ఆటులోనూ పోటులోనూ నిలబడటం.

మొదటి రోజు. హైదరాబాద్ నుంచి నేరుగా వెళ్లే విమానం దాదాపు రెండున్నర గంటల్లో దింపుతుంది. అది పొద్దున్నే ఉంటే నల్లగొండలో అర్ధరాత్రే బండెక్కాలి, శంషాబాద్ దాకా దారిలో ఆగడాలు పెట్టుకోవద్దు. దిగాక మధ్యాహ్నం పడుకోండి. సాయంత్రం సెల్యులార్ జైలు. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తిచేసిన ఆ జైలుకు ఏడు రెక్కలుండేవి, మూడే మిగిలాయి. లోపల మన హైదరాబాద్ మనిషిని తలుచుకోండి. 1857 జూలైలో తుర్రేబాజ్ ఖాన్‌తో కలిసి కోఠీ రెసిడెన్సీ మీదికి వెళ్లిన మౌల్వీ అల్లావుద్దీన్‌ను అండమాన్‌కే పంపారు. అప్పటికి ఈ గోడలు లేవు, ఆ దీవే జైలు.

రెండో రోజు పొద్దుటి పడవకు హేవ్‌లాక్. అక్కడ మూడు రాత్రులు ఉండండి. రాధానగర్ తీరం ఒక సాయంత్రానికి, ఎలిఫెంట్ బీచ్ ఒక పొద్దుటికి, మూడో రోజు దేనికీ పెట్టుకోకండి. ఆ ఖాళీ రోజు గురించి జట్టులో ఎవరో ఒకరు గొడవ చేస్తారు, అయినా తీసేయకండి. అదే మాకు అన్నిటికన్నా గుర్తున్న రోజు. కాలాపత్తర్ దారిలో పోక తోటల పక్కన ఆరుగురం నడుచుకుంటూ వెళ్లి, ఎవరూ పిలవని చోట రెండు గంటలు కూర్చున్నాం.

ఐదో రోజు నీల్. చిన్న దీవి, సైకిల్ మీద తిరిగేయొచ్చు. అక్కడి కూరగాయల మడులు చూస్తే మనవాళ్ల ప్రాణం లేచి వస్తుంది. తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులుగా వచ్చి అడవి కొట్టి సాగుచేసిన కుటుంబాలవి. ఆ రైతులతో మాట్లాడండి, వంకాయ, టమాట ధరలు అడగండి, వాళ్లూ మిమ్మల్ని అడుగుతారు. ఒక రాత్రి చాలు.

ఆరో రోజు పోర్ట్ బ్లెయిర్‌కు తిరిగొచ్చేయండి. ఇదొక్కటీ మార్చొద్దు. విమానానికి కనీసం ఒక రాత్రి ముందు, వీలైతే రెండు రాత్రుల ముందు, విమానాశ్రయం ఉన్న దీవి మీదే ఉండాలి. మొదటిసారి వెళ్లినప్పుడు విమానం రోజు పొద్దున్నే నీల్ నుంచి పడవకు టికెట్లు తీయించాడు మాకు ప్యాకేజీ అమ్మినతను. రాత్రి గాలి లేచింది, పడవ రద్దయింది. పద్నాలుగు మంది జెట్టీలో కూర్చుని మా విమానం వెళ్లిపోయే గంట కోసం గడియారం చూస్తూ ఉండిపోయాం. కొత్త టికెట్లకు పోయిన డబ్బు మాలో ఇద్దరికి అప్పు అయింది. ఆ ఇద్దరి ముఖాలు చూశాకే ఇవన్నీ కాగితం మీద రాసుకోవడం మొదలుపెట్టాను.

మిగిలిన రోజున జాలీ బాయ్ దీవికి అనుమతి దొరికితే అక్కడికి, లేదంటే రాస్‌కు. జాలీ బాయ్ మహాత్మాగాంధీ సముద్ర జాతీయ పార్కులోది. దానికి విశ్రాంతి ఇవ్వడానికి ఏడాదిలో కొన్ని నెలలు మూసి, బదులుగా రెడ్‌స్కిన్ దీవిని తెరుస్తారు. ఇలాంటి పద్ధతి మన గుట్టలకూ చెరువులకూ ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. అటవీశాఖ అనుమతి ముందే తీసుకోవాలి. రాస్‌కు వెళ్లేవాళ్లు బుధవారం వద్దు, ఆ రోజు మూసివేత. బ్రిటిష్ వాళ్ల పాత భవనాలను మర్రిజాతి వేళ్లు ఎలా చుట్టేశాయో అక్కడ చూడండి. పిల్లలమర్రి చూసిన కళ్లకు కూడా అది వింతే.

పడవ ఎక్కేటప్పుడు

ప్రభుత్వ పడవలు చవక, నిదానం. ప్రైవేటు పడవలు హేవ్‌లాక్‌కు గంటన్నర ప్రాంతంలో చేరుస్తాయి. ఏదైనా సరే ఆధార్ అసలు కార్డులు ఆరూ ఒకే కవర్లో, ఒకే మనిషి దగ్గర ఉండాలి. గంట ముందు జెట్టీకి చేరాలి.

కడుపు తిప్పే వాళ్లు డాక్టర్ చెప్పిన మాత్రను ఎక్కడానికి అరగంట, గంట ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే అది కడుపులో నిలవదు. పొద్దున పూరీలు, బజ్జీలు వద్దు, ఖాళీ కడుపూ వద్దు. రెండు ఇడ్లీలు చాలు. పడవ ముందు భాగం ఎక్కువ ఎగిరిపడుతుంది కాబట్టి నడుమ కింది వరుసలో కూర్చోండి. ఫోన్ చూడకుండా దూరంగా నీరూ ఆకాశమూ కలిసే గీతను చూస్తూ ఉండండి. చెవి చెప్పే కదలికా కన్ను చెప్పే కదలికా ఒకటైతే తల తిరగడం తగ్గుతుంది.

నీళ్లలోకి దిగేటప్పుడు

మనలో చాలామంది ఈత నేర్చింది బాయిలో. నడుముకు బెండ్లు కట్టించుకుని, గట్టు మీద నుంచి మామ తోసేస్తే నేర్చుకున్న ఈత అది. బాయిలో నాలుగు పక్కలా గోడ ఉంటుంది, సముద్రంలో ఉండదు. ఉప్పునీటిలో ఒళ్లు తేలిగ్గా తేలుతుంది, అందుకే ధైర్యం ఎక్కువవుతుంది. ఈలోపు అడుగున ప్రవాహం మనిషిని ఒడ్డు నుంచి మెల్లగా జరిపేస్తుంది. అలా లాగుతున్నట్టు తెలిస్తే ఒడ్డువైపు ఎదురీదకండి, అలసిపోతారు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ లాగుడు దాటాక అప్పుడు ఒడ్డుకు మళ్లండి. ఎంత ఈతగాడైనా లైఫ్ జాకెట్ లేకుండా పడవ దిగకూడదని మొదటి రోజే అందరి దగ్గరా మాట తీసుకోండి.

మొసలి బోర్డులున్న చోట మోకాలి లోతు కూడా దిగొద్దు. ఎత్తిపోతల దగ్గర మనం చూసేవి మంచినీటి మొసళ్లు. అక్కడివి ఉప్పునీటి మొసళ్లు, ఒళ్లూ పెద్దవి, కోపమూ ఎక్కువ. మడ అడవుల కాలువలు, ఏరు సముద్రంలో కలిసే చోట్లు, చీకటి పడ్డ ఒడ్డు వాటివి.

స్నార్కెల్, అంటే నీటిపై తేలుతూ గొట్టంతో ఊపిరి తీస్తూ అడుగు చూడటం. దానికోసం ఇంటి దగ్గరే కాస్త సాధన చేయండి. ముఖానికి పెట్టే అద్దాల తొడుగును పట్టీ వేయకుండా ముఖానికి ఆనించి ముక్కుతో గాలి పీల్చండి. చేయి వదిలినా అది అతుక్కుని ఉంటే మీకు సరిపోయినట్టు. మీసం గుబురుగా ఉన్నవాళ్లకు నీళ్లు కారతాయి, కాస్త కత్తిరించుకోవాలి. గొట్టం నోట పెట్టుకుని, ముక్కు మరిచిపోయి, నోటితోనే నెమ్మదిగా ఊపిరి తీయడం పెద్ద తొట్టిలో ముఖం పెట్టి నాలుగు రోజులు చేస్తే చాలు. అద్దం లోపల కాస్త ఉమ్మి రాసి కడిగితే ఆవిరి పట్టదు. సిగ్గుపడకండి, చేయి తిరిగినవాళ్లూ అదే చేస్తారు.

గాలి సిలిండర్ కట్టుకుని నీటి అడుగుకు దిగే స్కూబాకు వెళ్లాలనుకుంటే హేవ్‌లాక్‌లో తొలి రోజుల్లోనే వెళ్లండి. నీటి ఒత్తిడిలో రక్తంలో కరిగిన నత్రజని బయటికి రావడానికి సమయం పడుతుంది, ఆ తర్వాత ఒక పూర్తి రోజు గడవకుండా విమానం ఎక్కొద్దు. ఆస్తమా, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడగకుండా దిగొద్దు, గర్భిణులు అసలే వద్దు.

పగడాల మీద కాలు పెట్టొద్దు

అన్నిటికన్నా ఇది నాకు ముఖ్యం. నీళ్లలో రంగురంగుల రాళ్లలా కనిపించేవి రాళ్లు కావు. సున్నపు గూడు కట్టుకుని గుంపులుగా బతికే చిన్న చిన్న ప్రాణులు. వాటి ఒంట్లో ఉండే నాచు ఎండతో తిండి తయారుచేసి వాటికి పెడుతుంది, రంగూ దానివల్లే. నీళ్లు మామూలు కన్నా వేడెక్కి అలాగే ఉంటే ఆ నాచు వెళ్లిపోయి పగడం తెల్లబడుతుంది. 2010 వేసవిలో అండమాన్‌లో పెద్ద ఎత్తున జరిగింది అదే. గుండ్రటి బండలాంటి పగడం ఏడాదికి పెరిగేది ఒక సెంటీమీటరు అటూ ఇటూ. మీ నడుమెత్తు ఉన్న దాని వయసు ఎంతో మీరే లెక్కేసుకోండి.

నాట్లు వేసిన మడిలో చెప్పులతో నడుస్తామా? గట్టు మీద నుంచే చూస్తాం కదా. ఇక్కడా అంతే. అలసిపోతే పగడం మీద నిలబడకుండా వెల్లకిలా తిరిగి తేలండి, జాకెట్ మోస్తుంది. కాళ్ల తొడుగులు ఉంటే వెనక ఏం తగులుతోందో చూసుకుంటూ కదలండి. పడవ అబ్బాయి చేపలు దగ్గరికి రావాలని బిస్కెట్లు వేస్తానంటే వద్దని చెప్పండి, మంచిగా చెప్తే వింటాడు. ఎండకు క్రీములు పూసుకునే బదులు పొడుగు చేతుల బనియన్ వేసుకుని దిగండి, కొన్ని క్రీముల్లోని మందులు పగడాలకు హాని చేస్తాయి.

నిశ్శబ్దంగా తేలుతూ చెవి పెట్టండి. కరకరమని నములుతున్న శబ్దం వినపడుతుంది. అది చిలక చేప. పగడపు బండ మీది నాచును గీరి తింటూ సున్నాన్ని కూడా నమిలి, పిండి చేసి ఇసుకగా వదులుతుంది. మనం తెల్లటి ఇసుక అని ఫొటో తీసుకునేదానిలో కొంత భాగం దాని పనే. ఈ సంగతి చెప్పగానే మా బావ నీళ్లలో నుంచి రావడమే మానేశాడు.

బారాటాంగ్ నా పట్టికలో లేదు

చాలామంది పోర్ట్ బ్లెయిర్ నుంచి బారాటాంగ్ సున్నపురాయి గుహలకు వెళ్తారు. ఆ రోడ్డు జారవా తెగ రక్షిత అడవి గుండా పోతుంది. బండ్లన్నీ వరుసగా, పోలీసు కాపలాతో వెళ్లాలి, ఆగకూడదు, ఫొటో తీయకూడదు. 2002లోనే సుప్రీంకోర్టు ఆ భాగంలో రోడ్డు మూసేయమంది. గుహలు బాగుంటాయని విన్నాను. అయినా నేను వెళ్లలేదు, మిమ్మల్ని వెళ్లమని చెప్పను.

మా వైపు మన్ననూరు నుంచి శ్రీశైలం పోయే దారిలో కార్లు ఆపి చెంచు పిల్లల వైపు ఫోన్లు ఎత్తేవాళ్లను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. ఆ పిల్లలు తల పక్కకు తిప్పుకోవడమూ చూశాను. ఎవరి ఇంటి ముంగిట్లోంచో వెళ్తూ కిటికీలోంచి వాళ్లు కనపడతారేమో అని చూడటం నాకు ఒప్పదు. మీ జట్టులో ఎవరైనా "అంత దూరం వచ్చి అది చూడకపోతే ఎట్ల?" అంటే, ఈ మాట చెప్పి ఆ రోజును హేవ్‌లాక్‌కు కలపండి.

సంచీలో ఏముండాలి

ఒక్కొక్కరికి ఒక స్టీలు సీసా. జాలీ బాయ్‌కు వాడి పారేసే ప్లాస్టిక్ తీసుకెళ్లనివ్వరు. నీటి విలువ నల్లగొండ వాళ్లకు చెప్పాల్సిన పని లేదు. ఫ్లోరైడ్ నీళ్లకు ఎముకలు వంగిన పెద్దలను మర్రిగూడ వైపు ఇంటింటా చూసినవాళ్లం. నీళ్లలో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు, నల్లగొండ టెక్నిక్ అని. అక్కడ చుట్టూ సముద్రమే గానీ తాగే నీరు వాన దయ. ఎండాకాలానికి దీవుల్లో నీటి కటకట మొదలవుతుంది. గదిలో బకెట్ స్నానం చేయండి, తువ్వాళ్లు రోజూ మార్చమని అడగకండి.

తిండికి చేప, అన్నం, కొబ్బరి బాగా దొరుకుతాయి. అయినా మూడో రోజుకు నాలుక మన కారం అడుగుతుంది. పుంటికూర తొక్కు, పల్లీల పొడి గట్టి డబ్బాల్లో పెట్టి, చుట్టూ కవర్ కట్టి, విమానంలో లోపలికిచ్చే పెట్టెలోనే పెట్టండి. చేతి సంచీలో నూనె తొక్కు పెడితే తనిఖీ దగ్గర తీసి పక్కన పెట్టేయొచ్చు. సకినాలు చేతి సంచీలోనే ఉండనివ్వండి, పడవ ఆలస్యమైన పొద్దున అవే ఆదుకుంటాయి.

తడిసినా తొందరగా ఆరే బట్టలు, పగడపు ముక్కలకు కాళ్లు కోసుకోకుండా రబ్బరు బూట్లు, కొబ్బరినూనె. సాయంత్రం ఇసుక మీద కుట్టే చిన్న ఈగలకు కొబ్బరినూనె దట్టంగా రాస్తే మాకు నయమనిపించింది. కుట్టిన చోట గీరొద్దు, పుండవుతుంది. రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు పది రోజులకు సరిపడా రెండు వేర్వేరు సంచీల్లో. చెత్త వేసుకోవడానికి ఒక బట్ట సంచీ. చిన్న దీవిలో మీరు పారేసిన కవరు ఎటూ పోదు, గాలికి సముద్రంలోకి తప్ప.

చివరి రాత్రి

పోర్ట్ బ్లెయిర్ గదిలో చీటీ లెక్క ముగించి, మిగిలింది ఆరు వాటాలు చేశాక, అందరి సంచీలూ మంచం మీద బోర్లించండి. గవ్వలు, శంఖాలు, పగడపు ముక్కలు వెతకండి. పగడాలు, కొన్ని రకాల గవ్వలు 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి వస్తాయి, విమానాశ్రయంలో దొరికితే ఆగిపోతారు. కానీ చట్టం కోసమే కాదు. ఖాళీ గవ్వలో సన్యాసి పీత కాపురం పెడుతుంది. ఒళ్లు పెరిగేకొద్దీ దానికి పెద్ద ఇల్లు కావాలి, ఆ ఇల్లు మన అల్మారాలో ఉండకూడదు.

మూడోసారి మా మేనకోడలి బూటులో ఒక గవ్వ దొరికింది. పిల్ల ఏడ్చింది. రాత్రి తొమ్మిదింటికి నేనూ దాని నాన్నా దాన్ని ఆటోలో కూర్చోబెట్టుకుని కోర్బిన్స్ కోవ్ ఒడ్డుకు వెళ్లాం. టార్చి వేసి పట్టుకుంటే, తనే తడి ఇసుక అంచున గవ్వను బోర్లా పెట్టి, కాసేపు చూసి వచ్చి ఆటో ఎక్కింది.